కంటికి గానరాని సేద్యగాండ్రు

అమరకోశమును వల్లించినవారికి భూమి పేరులలో ‘సర్వంసహ’ యనునది జ్ఞప్తికుండును. అన్నిటిని నోర్చునది యని యర్థము. ఈ పదమును బాలురకు బోధించునప్పుడెల్ల మాకొక సందేహము గలుగుచుండును: ఓర్చుచున్నది మన్నా, మన్నులోని ప్రాణులా?

ఇంగ్లండున హార్పెండెన్ పట్టణము చెంత రోథామ్‌స్టెడ్ అను పరిశోధనక్షేత్రము గలదు. అందలి బ్రాడ్‌బాల్క్ పొలమున 1843 లో లాస్, గిల్బర్ట్ అనువారు గోధుమ చల్లించి, ఒక మడికి పశువుల పెంటయు, కొన్నిటికి రసాయనపు టెరువులును వేయించి, ఒకదానికి మాత్ర మేమియు వేయింపక విడిచిరి. ఆ పరీక్ష నేటికిని సాగుచున్నది. ఏమియు నెఱుగని యా మడియు హెక్టారునకు ఇంచుమించు 1 టన్ను గింజ నిచ్చుచునే యున్నది. దాని కన్నము పెట్టుచున్న దెవరు? గాలినుండియు వాననుండియు దిగు నత్రజని కొంత. పాత వేళ్లను కుళ్లించి నత్రజనిని విడిపించు సూక్ష్మజీవులు కొంత.

ఈ జీవుల పనిని పట్టి చూపినవారు ఫ్రాన్సు దేశీయులు. 1877 లో ష్లోసింగ్, మ్యుంట్జ్ అనువారు ఇసుకయు సుద్దయు నింపిన గొట్టము గుండ మురుగునీటిని పోయించిరి. ఇరువది దినము లే మార్పును లేదు. పిమ్మట అమోనియా తగ్గి నైట్రేటు దిగసాగెను. ఇది వట్టి రసాయనక్రియయే యైనచో నిన్ని దినములు తడయనేల? క్లోరోఫారము సోకగానే పని నిలిచెను. దానిని తొలగించినను మొదలు కాలేదు. మన్ను కలిపిన నీటిని పోసిన మీదటనే మరల సాగెను. పిల్లలకు జెప్పుటకు దీనికన్న తేటయైన పరీక్షను మే మెఱుగము.

ఐతే నీ పనివాండ్రు రైతు సౌకర్యమును చూచి పనిచేయరు. ఆ శీతలదేశములలో వేసవి చివర గోధుమ కోత ముగియును. నేల యింకను వెచ్చగా నుండును, తడి చేరును, పీల్చుకొనుటకు వేరు మాత్రము లేదు. నైట్రేటు పుట్టుచునే యుండును. చలికాలపు వాన దానిని కడిగికొనిపోవును. బ్రాడ్‌బాల్క్ మళ్ల క్రింద 1849 లో పాతిన మట్టిగొట్టముల నీటిని పరీక్షింపగా నీ నష్టము లెక్కకు వచ్చెను. నష్టము రైతుతోనే పోదు. ఆ నీరు బావులకు జేరి మిక్కుటమైనచో, దానితో పాలు కలిపి త్రాగించిన పసికందుల దేహము నీలివాఱును.

అందుచే నచ్చటి రైతులనేకులు కోత కాగానే ఆవమొక్కలో రై ధాన్యమో చల్లుదురు. అవి నైట్రేటును పీల్చి యాకుగా దాచును. వసంతమున దున్ని కలుపగా, నా జీవులే దానిని విప్పి తరువాతి పైరున కందించును. డెన్మార్కున నిట్లు చల్లుట చట్టవిధి.

బస్తా యెరువుండగా పెంట యేల యని మా మిత్రులొకరు వాదింతురు. పెంట యుండగా బస్తా యేల యని వారి తమ్ములుంగారు. బ్రాడ్‌బాల్క్ ఇరువురకును తృప్తి నీయదు. నూరేండ్లకు పైగా రెండు తీరుల మళ్లును రమారమి సమముగనే పండినవి. పెంట మడిలో సేంద్రియద్రవ్యము రెట్టింపునకు మించెను. చలికాలమున నైట్రేటు కారుటయు నా మడినుండియే యెక్కువ.