కుల వ్యవస్థ బటన్ నొక్కితే ఏమవుతుంది?



'సివిలైజేషన్ 4' అనే కంప్యూటర్ గేమ్ 2005లో వచ్చింది. మీలో కొందరు ఆడే ఉంటారు. ఆ వరుస గేముల్లోకి మతాలను పేరుపేరునా తెచ్చింది అదే. మొత్తం ఏడు మతాలు. ఏడూ ఒకేలా పనిచేస్తాయి. మిషనరీని పంపితే నగరంలోకి మతం వస్తుంది. ఇద్దరు రాజుల మతం ఒకటైతే స్నేహం, వేరైతే గుర్రు. గేమ్‌లో రాయబారం మీద మతం ప్రభావం చాలా ఎక్కువ.

అదే గేమ్‌లో కులం కూడా ఉంది. 'కుల వ్యవస్థ' అని ఒక బటన్. అది మతం వరుసలో ఉండదు, శ్రమ వరుసలో ఉంటుంది. బానిసత్వం పక్కన ఒకటి, విముక్తి పక్కన ఒకటి అన్నట్టు పేర్చారు. చట్టాల స్మృతిని కనిపెట్టగానే ఆ బటన్ తెరుచుకుంటుంది. నొక్కితే లాభమేంటో తెలుసా? కళాకారులను, శాస్త్రవేత్తలను, వ్యాపారులను నగరంలో ఎంతమందినైనా పెట్టుకోవచ్చు. పరిమితి ఉండదు!

ఇది చదివి మా అమ్మకు చెప్తే "అయితే మనింట్లో శాస్త్రవేత్తలు ఎంతమందిరా?" అంది.

బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పిన విషయం ఇదే. కులం పనిని పంచడం కాదు, పనిచేసే మనుషుల్నే ముక్కలు చేసి ఒకరి మీద ఒకరిని పేర్చడం. ఆ పేర్పుకు బలం శాస్త్రాల నుంచి వస్తుంది కాబట్టి, శాస్త్రాల పెత్తనాన్ని కదిలించకుండా కులం కదలదు అన్నాడు. గేమ్ చేసినవాళ్లు కులాన్ని ఒక వరుసలో, మతాన్ని ఇంకో వరుసలో పెట్టి సరిగ్గా ఆ ముడినే కోసేశారు. పైగా అందులో అశోకుడికి 'ఆధ్యాత్మికుడు' అనే లక్షణం ఉంది. మిగతా రాజులు చాలామందికి పాలనా పద్ధతి మారిస్తే కొన్నాళ్లు అరాచకం వస్తుంది, ఆయనకు రాదు. అంటే ధమ్మం చెప్పిన అశోకుడు ఏ ఇబ్బందీ లేకుండా కుల వ్యవస్థ బటన్ నొక్కొచ్చు.

2014లో 'క్రూసేడర్ కింగ్స్ 2' గేమ్‌కు 'రాజాస్ ఆఫ్ ఇండియా' అనే భాగం వచ్చింది. అందులో కులాన్ని మతానికి కట్టారు, అంతవరకు నయం. హిందూ పాత్రలకు కులం ఒక లక్షణం. బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య: మూడే. శూద్రుడు లేడు, పంచముడు అసలే లేడు. రాజుల గేమ్ కాబట్టి రాజులే ఉంటారని సమర్థించుకోవచ్చు. కానీ రాజు తిన్న అన్నం ఎవరు పండించారు?

ఈ మాటలన్నీ ఎందుకంటే, గేమ్ డిజైన్ చదువుతున్న మన తమ్ముడొకడు ఫోన్ చేశాడు. వాళ్ల బృందం కాకతీయుల కాలం మీద గేమ్ చేస్తోంది. కోటలు, చెరువులు, పన్నులు అయిపోయాయి. ఇక గుళ్లు, మఠాలు, రాయబారాలు పెట్టాలి. "కులం జోలికి పోతే గొడవ. 'శ్రామికులు' అని రాసేద్దాం" అంటున్నారట మిగతావాళ్లు. "అన్నా, ఏం చెప్పమంటావు?" అన్నాడు.

మల్కాపురం శాసనం చదవమని చెప్పాను. గుంటూరు జిల్లా తుళ్లూరు మండలంలో ఉంది ఆ రాయి. క్రీ.శ. 1261 నాటిది, రుద్రమదేవి కాలం. గణపతిదేవుడికి దీక్ష ఇచ్చిన గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి మందడం, వెలగపూడి ఊళ్లు దానంగా అందాయి. అవును, ఈరోజు సచివాలయం ఉన్న వెలగపూడే. ఆ దానంతో గుడి, మఠం, విద్యాలయం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రం నడిచాయి. వైద్యుడు, లెక్కలు రాసేవాడు, నాట్యకత్తెలు, కావలి వీరులు, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి అందరి వాటాలూ లెక్కగట్టారు. బ్రాహ్మణుడి నుంచి చండాలుడి వరకు అందరికీ అన్నం పెట్టాలని కూడా రాశారు.

గేమ్‌లో 'మఠం కట్టు' అని నొక్కితే అయిపోతుంది. నిజంగా మఠమంటే రెండు ఊళ్ల భూమి, ఆ భూమి మీద బతికే మనుషులు. ఆ గురువు గౌడదేశం నుంచి వచ్చినవాడు. ఆయన గోళకీ మఠానికి మూలం ఇప్పటి జబల్‌పూర్ వైపున్న డాహల దేశం. శిష్యుడేమో ఓరుగల్లు రాజు. రాయబారం అంటే ఇదీ. ఇక చండాలుడి సంగతి. అన్నం వరుసలో ఆఖరున ఆయన పేరుంది. ఆ ధాన్యం పండించిన లెక్కలో ఎక్కడున్నాడు? మా తాత జాతరలో డప్పు కొట్టి గుడి బయటే నిలబడ్డాడు. ఆయన్ని 'శ్రామికుడు' అని రాస్తే ఆ గుమ్మం కనిపించదు. గుమ్మం కనిపించకపోతే అది మతసంస్థ ఎలా అవుతుంది?

రాయబారం రాజులు మాత్రమే చేస్తారనుకోవడం కూడా తప్పే. నాగార్జునకొండలో మూడో శతాబ్దపు శాసనం ఒకటుంది. బోధిసిరి అనే ఉపాసిక సింహళ దేశపు బౌద్ధ గురువులకు చైత్యగృహం కట్టించింది. కాశ్మీరం, గాంధారం, చీనా దాకా ఆ గురువుల పేరు వెళ్లిందని అందులో ఉంది. ఆమె రాణి కాదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ మనదే. 1935 అక్టోబర్ 13న యేవలాలో బాబాసాహెబ్ హిందువుగా చావనని ప్రకటించాడు. సిక్కు, ముస్లిం, క్రైస్తవ, బౌద్ధ పెద్దలు తమ మతంలోకి రమ్మని కబుర్లు పంపారు. సైన్యం లేదు, రాజ్యం లేదు, చేతిలో ఉన్నది 'మేం వెళ్లిపోతాం' అన్న ఒక్క మాట. 21 ఏళ్లు చదివి, బేరీజు వేసి, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధంలోకి నడిచాడు. ఏ మిషనరీ బొమ్మా వచ్చి వాళ్లను మార్చలేదు. వాళ్లే నిర్ణయించుకున్నారు.

కాబట్టి గేమ్ చేసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మూడు మాటలు. ఒకటి, గుడికి ఊరు దానం చేస్తే ఆ ఊళ్లో ఎవరి చేతిలోంచి ఏం పోయిందో తెర మీద చూపించండి. రెండు, ప్రతి గుడికీ మఠానికీ ఒక గుమ్మం పెట్టండి, ఎవరు లోపలికి పోగలరో ఎవరు పోలేరో రాయండి. మూడు, వెలివాడకు కూడా ఎత్తులు వేసే అవకాశం ఇవ్వండి: వెట్టి మానేయడం, వలస పోవడం, మతం మారడం. రాజు అప్పుడు దిగొచ్చి మాట్లాడాల్సి రావాలి.

ఇలా చేస్తే గేమ్ కష్టమవుతుంది, నిజమే. రాజుకు కష్టమవుతుంది. మనవైపు నుంచి ఆడేవాళ్లకు మొదటిసారి ఆట మొదలవుతుంది.

వచ్చే వారం ఇంకో భాగం. జై భీమ్.