పరస్పర భావనా చక్రము

శ్రీనగరము నుండి కన్యాకుమారి వరకు సాగు 44వ జాతీయ రహదారిపై సైకిల్ యాత్ర చేయు బృందమునకు కర్నూలు, అనంతపురముల నడుమ గల సుమారు 150 కిలోమీటర్లు ఒక దినపు ప్రయాణము. డోన్, గుత్తి దాటిన పిదప పామిడి వద్ద పెన్నా నది. ఆషాఢమున దక్షిణ దిశగా పోవువారికి నైరుతి పవనము ఎదురగును. అప్పుడు అందరూ ఒకే వరుసగా, చక్రము వెంట చక్రముగా సాగుదురు. ముందున్నవాడు గాలిని చీల్చును. వెనుకవారికి శ్రమ తగ్గును. దారిలో గుంత కనిపించిన అతడు చేతితో సైగ చేయును. ఆ సైగ ఒకరి నుండి ఒకరికి చివరివాని వరకు చేరును. కొంతసేపటికి అతడు ప్రక్కకు తొలగి వరుస చివరకు పోవును. రెండవవాడు ఆ భారమును వహించును.

గీత తృతీయాధ్యాయమున భగవానుడు యజ్ఞమును ఇట్టి చక్రముగానే నిరూపించెను. దానిని అనుసరింపనివాని జీవితము వ్యర్థమని పలికెను.

మరి మోకాలి నొప్పితో ముందుకు రాలేనివాని మాటేమి? అతని జీవితమును వ్యర్థమేనా? కాదు. భగవానుడు నిందించినది ఇంద్రియారాముని, అశక్తుని కాదు. శక్తి ఉండియు పరుల చాటున సుఖించువాడు వేరు; శక్తి చాలక వెనుక నిలిచినవాడు వేరు. అతని కొరకు తక్కినవారు వేగము తగ్గించుకొనుటయే ఆనాటి యజ్ఞము. విడిదిలో అందరి సీసాలలో అతడు నింపు నీరు అతని ఆహుతి.