పెళ్ళికి నీళ్ళు మోసిన ఇల్లాలు

రాజమండ్రి అనగానే మనకు గోదావరి, పుష్కరాల రేవు గుర్తొస్తాయి. స్నానం, దర్శనం అయ్యాక అట్నుంచి అటే రైలెక్కేయకండి. పాత ఊళ్ళో కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లుంది. ఓ గంట వీలు చేసుకుని చూసి రండి.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16న పుట్టిన ఇల్లు ఇది. ఇప్పుడు పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1881 డిసెంబర్ 11న ఆయన జరిపించిన మొదటి వితంతు వివాహం ఈ ఇంట్లోనే. పెళ్ళికూతురు గౌరమ్మ, అభం శుభం తెలియని వయసులోనే భర్త పోయిన పిల్ల. వరుడు గోగులపాటి శ్రీరాములు.

ఆ పెళ్ళికి వెళ్ళినవాళ్ళను వెలి వేస్తామన్నారు ఊళ్ళో పెద్దలు. వంటవాళ్ళు రామన్నారు. నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు కొంగు బిగించారు. గోదావరి నుంచి తనే నీళ్ళు మోసుకొచ్చి, పెళ్ళివారికి వండి పెట్టారు. నలుగురు చుట్టాలొస్తేనే మనం హైరానా పడతాం కదా! ఆవిడకు అయినవాళ్ళు కూడా దూరమైన రోజులవి.

పంతులుగారు ఎన్ని పుస్తకాలు రాసినా, ఎంత వాదించినా, ఆ పూట పొయ్యి వెలక్కపోతే పెళ్ళివారి గతేమిటి? ఆవిడ 1910లో, ఆయన 1919లో పోయారు.

దగ్గర్లోనే పంతులుగారు 1890లో కట్టించిన టౌన్‌హాలు కూడా ఉంది. పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. పంతులుగారి గురించి బళ్ళో చెబుతారు. రాజ్యలక్ష్మమ్మగారి సంగతి మాత్రం మనమే చెప్పాలి.