ఖర్మకు ప్రతివాది ఉండడు

నేను చదివింది బీకాం. ఉద్యోగమంతా రక్షణ శాఖ పద్దుల్లోనే గడిచింది. జీవశాస్త్రం రిటైరయ్యాక పట్టుకున్న పిచ్చి. కాడ్మియం గురించి చదివితే నాకు లెడ్జరే గుర్తొచ్చింది. జమ ఉంటుంది, ఖర్చు దాదాపు ఉండదు. కిడ్నీల్లో చేరిన కాడ్మియంలో సగం పోవడానికే 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది.

జపాన్‌లో జింజు నది ఎగువన కమియోకా గని ఉండేది. జింకు, సీసం తవ్వగా వచ్చిన వ్యర్థాలు నదిలో కలిశాయి. టొయామా రైతులు ఆ నీటితో వరి పండించి, ఆ అన్నమే తిన్నారు. ఎక్కువగా బలైంది నడివయసు దాటిన తల్లులు. దగ్గినా ఎముక విరిగేది. 'ఇటాయ్ ఇటాయ్' అంటే 'నొప్పి, నొప్పి' అని. ఆ కేకే జబ్బుకు పేరైంది.

కాడ్మియం జింకుకు దగ్గరి చుట్టం. శరీరం తేడా పోల్చుకోలేదు. పేగుల్లో ఇనుమును లోపలికి తెచ్చే ప్రోటీనే దీన్నీ తెస్తుంది. అందుకే రక్తహీనత ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ చేరుతుంది. లోహం తగలగానే కాలేయ కణాల్లో కొన్ని జన్యువులు మేల్కొని మెటలోథయోనిన్ అనే ప్రోటీన్ తయారుచేయిస్తాయి. అది కాడ్మియాన్ని కట్టిపడేస్తుంది. కానీ ఆ మూట కిడ్నీకి చేరి అక్కడ విడిపోతుంది. కిడ్నీ నాళికలు దెబ్బతిని కాల్షియం, ఫాస్ఫేటు మూత్రంలో పోతాయి. విటమిన్ డి సరిగా తయారు కాదు. ఎముకలు మెత్తబడతాయి.

మా మేనత్త ఒళ్లు నొప్పులతో ఏళ్ల తరబడి మంచాన ఉంది. ఆమెది ఏ జబ్బో నాకు ఈనాటికీ తెలియదు, ఎవరూ పరీక్ష చేయించలేదు కనుక. "పూర్వజన్మ ఖర్మ" అన్నారు, ఊరుకున్నారు. ఆ మాటతో ఫైలు మూసేశారు.

టొయామాలో నొబోరు హగినో అనే వైద్యుడు ఫైలు మూయలేదు. తిండి చాలకనో, పని ఎక్కువయ్యో వచ్చిందన్న మాటలతో సరిపెట్టుకోకుండా గని నీటిని వేలెత్తి చూపాడు. 1968లో ప్రభుత్వం ఒప్పుకుంది. 1971లో బాధితులు కోర్టులో మిత్సుయి కంపెనీ మీద గెలిచారు. 1972లో అప్పీలు కూడా కొట్టేశారు. ఖర్మకు ప్రతివాది ఉండడు. కాడ్మియానికి ఉన్నాడు.

ఈమధ్య చదువుకున్నవాళ్లు "అంతా జీన్స్‌లో ఉంది" అంటున్నారు. తలరాతకు ఇది కొత్త పేరు. నిజానికి జన్యువును కూడా చదవొచ్చు, మార్చొచ్చు. వరి వేళ్లలో మాంగనీసును లాగే ఒక జన్యువే కాడ్మియాన్నీ లాగుతుంది. ఆ జన్యువు పనిచేయని వరిని జపాన్ శాస్త్రవేత్తలు తయారుచేసి 2012లో ప్రకటించారు. దాని గింజలో కాడ్మియం దాదాపు లేదు.

మీ ఇంట్లో ఎవరైనా నొప్పి అంటే జాతకం తీయకండి. ఏం తింటున్నారు, ఏ నీళ్లు తాగుతున్నారు, ఏ పని చేస్తున్నారు అని అడగండి. పొగ తాగుతారా అనీ అడగండి. పొగాకు మొక్క నేలలోని కాడ్మియాన్ని ఆకుల్లోకి లాక్కుంటుంది. ఆ తర్వాత కిడ్నీ పరీక్ష చేయించండి.