నాయన భుజం, బుట్ట విల్లు

మా పేటలో విల్లు అంటే ఉండేలు. రాములవారి బొమ్మలో కనిపించే బాణాల విల్లు కాదు. వెదురు బద్దను వంచి, రెండు తాళ్లు పక్కపక్కన బిగించి, మధ్యలో చిన్న తోలుముక్క అల్లి, అందులో కాల్చిన మట్టి ఉండ పెట్టి లాగి వదిలేది. ఇప్పటి పిల్లలు ఉండేలు అంటే పంగలకర్రకు రబ్బరు కట్టింది అనుకుంటున్నారు. అది వేరు, ఇది వేరు. దీన్ని కొట్టడం అంత తేలిక కాదు. ఉండను వదిలే క్షణంలో ఎడమ మణికట్టును కొంచెం పక్కకు తిప్పాలి. తిప్పకపోతే ఉండ వచ్చి మన బొటనవేలికే తగులుతుంది. మా తాత ఎడమ బొటనవేలు వంకరగా ఉండేది. నేర్చుకునేటప్పటి దెబ్బ అని నవ్వుతూ చెప్పేవాడు.

మా నాయనకు ఉండేలులో పేరుంది. కొల్లేటి గట్ల మీద నీటికోడి తల ఎత్తిందంటే, దించేలోపు కొట్టేవాడు. గూడబాతు జోలికి మాత్రం పోయేవాడు కాదు. భక్తి వల్ల అని చెప్పను. అంత పెద్ద పిట్ట మట్టి ఉండకు పడదు, అంతే.

నేను ఇంటర్ చదివే రోజుల్లో ఆయన కుడి భుజం పోయింది. అప్పటికే కైకలూరు చుట్టూ వరి చేలు చేపల చెరువులైపోయాయి. ఐసు వేసిన చేపలు లారీల్లో కలకత్తా దాకా వెళ్లేవి. పట్టుబడి రోజున నాయన కూలికి వెళ్లాడు. తడిసిన గట్టు ఎక్కుతుంటే కాలు జారింది. చేపల ట్రే భుజం మీద పడింది. చెరువు ఆసామి రెండు రోజుల కూలి ఇచ్చి ఇంటికి పంపాడు. పుత్తూరు కట్టు కట్టించమని అందరూ అన్నారు. పుత్తూరు ఎక్కడ, మేమెక్కడ? పక్క ఊళ్లో కట్టు కట్టే ముసలాయన దగ్గరికే వెళ్లాం. ఆరు నెలలకు నొప్పి తగ్గింది గాని చెయ్యి రొమ్ము దాటి పైకి లేవలేదు. వెనక్కి అసలు పోలేదు.

యానాదివాడి బతుకంతా భుజం మీదే నడుస్తుందని నాకు అప్పుడు తెలిసింది. ఉండేలు లాగాలంటే భుజం కావాలి. విసురువల విసరాలంటే భుజం కావాలి. ఎలుక బొరియ తవ్వే గునపం ఎత్తాలన్నా భుజమే కావాలి. మూడు పనులూ ఒక్కరోజులో పోయాయి. బొరియ దగ్గర కుండలో గడ్డి కాల్చి పొగ ఊదడం ఒక్కటే మిగిలింది. దానికి భుజం అక్కర్లేదు గాని ఊపిరితిత్తులు కావాలి.

గిరిజనులం అనగానే ఎవరో ఒకరు ఏకలవ్యుడి పేరు ఎత్తుతారు. గురుకులాలకు కూడా ఆ పేరే పెట్టారు. బొటనవేలు కోసి ఇచ్చిన సంగతి అందరూ చెబుతారు. ఆ మర్నాడు అతను ఏం చేశాడన్నది ఎవరూ చెప్పరు. మిగిలిన వేళ్లతోనే బాణం వేశాడని, మునుపటి వేగం మాత్రం రాలేదని భారతంలోనే ఉంది. నాకు ఆ మర్నాటి మీదే ఎక్కువ ఆసక్తి. ఎందుకంటే మా ఇంట్లో నేను చూసింది అదే.

ముదినేపల్లి వైపు ఉండే మా మేనమామ చేలల్లో ఎలుకలకు బుట్టలు పెట్టేవాడు. నాయనకు ఆ పనంటే చిన్నచూపు. "మనిషి ఇంట్లో పడుకుంటే బుట్ట వేటాడుతుంది. అదీ ఒక వేటేనా బావా?" అని ఎగతాళి చేసేవాడు. భుజం పోయిన ఏడాది మామ పది బుట్టలు తెచ్చి అరుగు మీద పెట్టి, ఏమీ అనకుండా అన్నం తిని వెళ్లిపోయాడు. నాలుగు రోజులు అవి అక్కడే ఉన్నాయి. అయిదో రోజు నాయన ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

బుట్టలో ఉన్నది కూడా విల్లే. వెదురు బద్ద, దానికి తాడు. తాడును వెనక్కి లాగి ఒక పుల్లతో ఆపుతారు. పుల్ల దగ్గర ఎర ఉంటుంది. ఎలుక తల దూర్చి ఎరను కదిలిస్తే పుల్ల జారుతుంది, బద్ద విచ్చుకుంటుంది, తాడు మెడ మీద పడుతుంది. అంటే విల్లును లాగి పట్టుకునే పని మనిషి భుజం చెయ్యదు, పుల్ల చేస్తుంది. లాగడం ఒక్కటే మనం చెయ్యాలి. దానికి నాయన తన పద్ధతి కనిపెట్టుకున్నాడు. బద్ద ఒక కొనను బురదలో కాలితో తొక్కిపట్టి, రెండో కొనను ఎడమ చేత్తో వంచి, కుడి చేతి వేళ్లతో పుల్ల తగిలించేవాడు. కుడి మోచెయ్యి పక్కటెముకలను వదిలి కదిలేది కాదు.

ఇది మా నాయన ఒక్కడి తెలివి కాదని తర్వాత చదువులో తెలిసింది. నికోబారు దీవుల ఆదివాసులకు అడ్డవిల్లు ఉంది. ఇంగ్లీషులో క్రాస్‌బో అంటారు. కర్ర మీద విల్లును అడ్డంగా బిగించి, లాగిన తాడును ఒక గాడిలో తగిలించి, తీరిగ్గా గురి చూసి మీట నొక్కడమే. బర్మా, చైనా కొండల్లోని లిసు జనం వేటకు కూడా అదే. దాన్ని ఎక్కుపెట్టేటప్పుడు కాళ్లతో అదిమిపట్టి, ఒళ్లంతటి బలంతో లాగుతారు. భుజం ఒక్కదాని మీద భారం పడదు. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది కాంపౌండ్ విల్లుతో. దాని కొనల్లో ఉండే చక్రాల వల్ల, చివరికంటా లాగాక చేతి మీద బరువు బాగా తగ్గిపోతుంది. చేతులే లేకుండా పుట్టిన కాశ్మీరు పిల్ల శీతల్ దేవి పాదంతో విల్లు పట్టి, భుజంతో తాడు లాగి, దవడతో వదులుతుంది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో రాకేష్ కుమార్‌తో కలిసి కాంస్యం గెలిచినప్పుడు ఆ పిల్లకు పదిహేడేళ్లు. ఆ ఆట ఫోనులో చూపిస్తే నాయన మొదట అడిగింది పతకం సంగతి కాదు. "తాడు ఎక్కడ ఆగుతోందిరా?" అని అడిగాడు.

బుట్ట వల్ల వేట తేలికైందని ఆయన అనుకున్నాడు, మేమూ అనుకున్నాం. మొదటి వారం అరవై బుట్టలు పెడితే పడినవి ఏడు. ఉండేలు ఉన్నప్పుడు జంతువు ఎటు పోతే మనం అటు పోతాం. గురి తప్పితే ఇంకో ఉండ ఉంటుంది. బుట్టకు కాళ్లు లేవు. ఎలుకే దాని దగ్గరికి రావాలి. అందుకని రాత్రి ఎలుక ఏ దారిన నడుస్తుందో పగలే తెలియాలి. నాయన గట్ల మీద వంగి నడవడం మొదలుపెట్టాడు. బొరియ ముందు మట్టి తడిగా ఉందా, ఎండిందా? వరి దుబ్బు ఏటవాలుగా కొరికి ఉంటే ఆ కోత పచ్చిదా, వాడిందా? గట్టు వాలులో గడ్డి అణిగి సన్నటి బాట కనిపిస్తోందా? కాలవలోకి నీళ్లు వదిలిన రోజున ఎలుకలు ఏ గట్టుకు చేరతాయి? రెండు పంటలు గడిచేసరికి ఆయనకు చేలు చదవడం వచ్చేసింది. భుజం బాగున్న రోజుల్లో తనకు ఇందులో సగం కూడా తెలియదని ఆయనే అన్నాడు. ఉండేలు చేతిలో ఉన్నంతకాలం ఆ అవసరం పడలేదు మరి.

పిట్టల వేట ఎలాగూ నిలవలేదు. 1999లో ప్రభుత్వం 120వ నంబరు జీవో ఇచ్చి, అయిదో కాంటూరు దాకా కొల్లేటిని అభయారణ్యం చేసింది. 2002లో అది రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఇప్పుడు ఆటపాకలో గూడబాతుల్ని చూడటానికి జనం పడవలెక్కుతున్నారు. ఆ పిట్టలు మిగలడం మంచిదే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ వేట వదిలిన చేతికి ఏం పెడతారని అప్పుడు మా పేటకు వచ్చి అడిగినవాళ్లు లేరు. నాయనకు అప్పటికే బుట్ట ఉంది కాబట్టి మా ఇల్లు గడిచింది. ఎలుకను 1972 వన్యప్రాణి చట్టమే అప్పట్లో కాకితో పాటు హానికర జంతువుల జాబితాలో వేసింది. రైతే పిలిచి డబ్బులిచ్చి పట్టించుకునే వేట అది. తోకకు ఇంత అని లెక్క.

ఆ తోకల లెక్క దగ్గరే గొడవలు. రాత్రి కుక్కలు వచ్చి బుట్టలో పడిన ఎలుకను పీక్కుపోతే తోక ఉండదు, తోక లేకపోతే డబ్బు లేదు. దాంతో నాయన కోడి కూయకముందే లాంతరు పట్టుకుని చేలోకి వెళ్లేవాడు. ఇంట్లో పడుకుంటే బుట్ట వేటాడుతుందన్న మాట మామ అప్పుడప్పుడూ గుర్తుచేసేవాడు.

రెండో గొడవ మందుతో. మేం ఎలుకను తింటాం, దాచాల్సిన పని లేదు. బ్రోమాడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు. నెత్తురు గడ్డకట్టే గుణం పోయి కొన్ని రోజులకు చస్తుంది. ఈలోపు మామూలుగానే తిరుగుతుంది, బుట్టలోనూ పడుతుంది. చూస్తే తెలియదు. అందుకని నాయన ఒక షరతు పెట్టాడు: బుట్టలు కావాలంటే మందు వద్దు, మందు కావాలంటే నన్ను పిలవొద్దు. ఒక ఆసామి రెండూ పెట్టి, మందు సంగతి చెప్పలేదు. గట్టు మీద గింజల పొట్లం కనిపించింది. నాయన ఆ రాత్రి పడిన ముప్పై ఎలుకల్నీ పాతిపెట్టి, తోకలు కూడా అడక్కుండా బుట్టలు తీసుకుని వచ్చేశాడు. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు. మా అమ్మ ఆయన్ని ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు నేను పాఠం చెప్పే బడిలో మా పిల్లలు కొందరు ఉన్నారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర నిన్న ఇంట్లో ఏం కూర అని ఎవరైనా అడిగితే తల దించుకుంటారు. ఎలుకలోళ్లు అన్న మాట వాళ్లు ఒకటో తరగతిలోనే వినేశారు. కొందరు ఉపాధ్యాయులు మంచి మనసుతోనే, ఆ పని మాటే ఎత్తవద్దని పిల్లలకు చెబుతారు. నాకు అది నచ్చదు. పిల్లలు జీవితాంతం బుట్టలు పెట్టుకుంటూ బతకాలని నేనూ కోరుకోను. వాళ్ల ఇంటి తెలివిని బడి గుమ్మం బయట చెప్పులతో పాటు విడిచి రమ్మనడం మాత్రం నా వల్ల కాదు.

స్థితిశక్తి, గతిశక్తి పాఠం వచ్చినప్పుడు నాయన బుట్ట ఒకటి తరగతికి తీసుకెళ్తాను. ఎలుక మెడ బదులు పెన్సిలు పెడతాం. పుల్ల జారి తాడు టక్కున పడగానే తరగతంతా ఉలిక్కిపడుతుంది. వంచిన బద్దలో శక్తి ఎక్కడ దాక్కుంది అని అడుగుతాను. ఒకసారి వెనక బెంచీ నుంచి మా పేట పిల్లాడు లేచి, "సార్, లేత వెదురైతే దాక్కోదు" అన్నాడు. ఎందుకు అన్నాను. లేత వెదురును రాత్రంతా వంచి ఉంచితే వంగినట్టే ఉండిపోతుందని, తెల్లారి పుల్ల జారినా తాడు నీరసంగా పడుతుందని, ఎలుక తల విదిలించుకుని పోతుందని చెప్పాడు. స్థితిస్థాపకత పాఠం నేను ఇంకా మొదలుపెట్టనే లేదు.

ఆ సంగతి ఇంటికి వెళ్లి చెబితే నాయన వాడెవరి మనవడో ఆరా తీశాడు. ఆయనకు డెబ్బై దాటాయి. చేలోకి వెళ్లడం మానేశాడు గాని, కాలితో తొక్కిపట్టి ఎడమ చేత్తో బద్దలు చీరుతూనే ఉంటాడు. దాళ్వా నాట్లలోపు నాలుగు వెదుళ్లు తెమ్మన్నాడు. పోయినసారి దుకాణంవాడు లేతవి అంటగట్టాడట. ఈసారి ఆ పిల్లాణ్ని వెంటబెట్టుకుని వెళ్లమన్నాడు.