ఎవరికి అప్పజెప్పి వెళ్తావు?

ఇజ్రాయెల్‌లో సిటీ బస్సు ఎక్కితే ముందు సీట్ల దగ్గర ఒక చిన్న స్టిక్కరు కనిపిస్తుంది. తల నెరిసినవాళ్లు వస్తే లేచి నిలబడమనే లేవీయకాండంలోని ఆజ్ఞ అది. చేతికర్ర పట్టుకుని ముసలాయన ఎక్కితే, భుజాన తుపాకీ వేసుకున్న సైనిక కుర్రవాడు చటుక్కున లేచి చోటిస్తాడు. చూసిన ప్రతిసారీ ముచ్చటేస్తుంది. అయితే పెద్దల గురించి యూదుల దగ్గర నేను నేర్చుకున్న అసలు సంగతి బస్సులో దొరికింది కాదు, పనిచేసే ఇంట్లో దొరికింది.

పెతా టిక్వాలో ఒక పెద్దావిడను చూసుకోవడం నా ఉద్యోగం. ఇక్కడ మమ్మల్ని 'మెటపెలెత్' అంటారు. 2023 అక్టోబరులో యుద్ధం మొదలవక ముందు ఈ దేశంలో సుమారు 18,000 మంది భారతీయులు ఉండేవారు. వాళ్లలో ఎక్కువమందిది ఈ పనే. కేరళవాళ్లు ముందు నుంచీ ఉన్నారు. మా జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లమూ బాగానే ఉన్నాం. 1988 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం, తమ పనులు తాము చేసుకోలేని వృద్ధులకు ఇక్కడి జాతీయ బీమా సంస్థ సాయం చేస్తుంది. మా జీతంలో కొంత అక్కడి నుంచే వస్తుంది.

ఆవిడకు తొంభై దాటాయి. మతిమరుపు జబ్బు ముదిరింది. కన్నకూతురిని పట్టుకుని నువ్వెవరని అడుగుతుంది. ఒకరోజు నన్ను చనిపోయిన చెల్లెలనుకుని చెయ్యి వదలదు, ఇంకోరోజు గాజులెత్తుకుపోయిన దొంగనంటుంది. నేను 'సవ్తా' అని పిలుస్తాను. ఇక్కడి పిల్లలు అమ్మమ్మనైనా నాయనమ్మనైనా అలాగే పిలుస్తారు. ఆమె కొడుకు యెషివాలో, అంటే యూదుల మత పాఠశాలలో, వాళ్ల ప్రాచీన ధర్మచర్చల గ్రంథమైన తల్మూద్ బోధిస్తాడు. ఒక శుక్రవారం మధ్యాహ్నం, వాళ్ల వారపు విశ్రాంతి దినమైన షబ్బత్ దీపాలకు ఇంకా పొద్దుండగా, ఆయన నన్నొక మాట అడిగాడు. "మీ అమ్మను అక్కడ ఎవరు చూసుకుంటున్నారు?"

ఉన్నది చెప్పాను. నాన్న లేడు. తమ్ముడు దుబాయిలో, నేనిక్కడ. ఊళ్లో ఒకామెను నెలజీతానికి పెట్టుకున్నాం. రోజూ ఫోన్ చేసి, "అమ్మ తిన్నదా?" అంటే, "పెరుగన్నం తిన్నది అక్కా, మందు కూడ ఏసిన" అంటుంది.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత బీరువాలోంచి పెద్ద పుస్తకాలు దించి, నాకు అర్థమయ్యే హీబ్రూలో చెప్పడం మొదలుపెట్టాడు. అప్పటి నుంచి, తీరిక దొరికినప్పుడల్లా ఆ పాఠం సాగుతూనే ఉంది.

తల్లిదండ్రులను సన్మానించమని పది ఆజ్ఞల్లో ఒకటి చెబుతుంది. సన్మానమంటే ఏమిటో తల్మూద్ విడమరిచింది. తినిపించాలి, తాగించాలి, బట్ట కట్టాలి, దుప్పటి కప్పాలి, బయటికి తీసుకెళ్లాలి, లోపలికి తీసుకురావాలి. ఇవన్నీ నేను పొద్దున లేచిన దగ్గర నుంచీ చేసే పనులే! మరో జాబితా భయభక్తులది. వాళ్లు కూర్చునే చోట కూర్చోకూడదు, వాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదు. ఈ జాబితాల్లో ప్రేమ కనిపించదు. పన్నెండో శతాబ్దపు మహా పండితుడు మైమోనిడిస్ దీన్ని ఒక ఉత్తరంలో గుర్తుచేశాడు. తల్లిదండ్రుల విషయంలో దేవుడు ఆజ్ఞాపించింది గౌరవం, భయం. ప్రేమించమని ఆజ్ఞాపించింది మన మధ్యకు వచ్చి చేరిన పరాయివాడిని.

మొదట విన్నప్పుడు మనసుకు ఎక్కలేదు. ప్రేమ లేని సేవ ఏం సేవ అనిపించింది. ఇప్పుడు ఇందులో ఎంత కరుణ ఉందో తెలుస్తోంది. రాత్రి రెండింటికి పక్క తడిపి, మారుస్తుంటే గోళ్లతో రక్కే మనిషి మీద ఆ క్షణాన ప్రేమ పుట్టకపోవచ్చు. అలా పుట్టలేదని కూతురు తనను తాను పాపిననుకుని కుమిలిపోనక్కర్లేదు. దుప్పటి మార్చి, పొడి బట్ట కట్టి, మంచినీళ్లు తాగిస్తే ఆమె ధర్మం నెరవేరినట్టే.

అలాగని పని జరిగితే చాలు, ఎలా జరిగినా ఫర్వాలేదని వాళ్లు అనలేదు. జెరూసలేం తల్మూద్‌లో ఇద్దరు కొడుకుల కథలున్నాయి. ఒకడు తండ్రికి కొవ్విన కోళ్లు వండిపెట్టాడు. ఇవెక్కడివిరా అని తండ్రి అడిగితే, పెట్టింది తిని పడి ఉండమన్నాడు. వాడికి నరకం. ఇంకొకడు తిరగలి విసిరి బతికేవాడు. రాజుగారి చాకిరికి విసిరేవాళ్లు రావాలని కబురొస్తే, అక్కడ తిట్లూ దెబ్బలూ తప్పవని తెలిసి, తండ్రిని తన తిరగలి దగ్గర కూర్చోబెట్టి తానే వెళ్లాడు. ముసలి తండ్రితో పిండి విసిరించిన ఆ కొడుకుకు స్వర్గం. మన ఇళ్లలో "తిని పడి ఉండు" అనే మాట ఎన్ని అరుగుల మీద వినలేదు!

ఇక నన్ను నిద్రపోనివ్వని కథ రవ్ అస్సీది. బాబిలోనియాలో ఉండే ఈ పండితుడికి ముసలి తల్లి ఉండేది. నగలు కావాలంది, చేయించాడు. మొగుడు కావాలంది, చూస్తానన్నాడు. నీ అంత అందగాడు కావాలంది. ఇక అక్కడ ఉండలేక ఇజ్రాయెల్ దేశానికి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు తల్లి తన కోసం బయలుదేరి వస్తోందని విన్నాడు. ఎదురెళ్లవచ్చా అని గురువును అడుగుతూ ఉండగానే, వస్తున్నది ఆమె శవపేటిక అని తెలిసింది. ఇలా అవుతుందని తెలిస్తే బయలుదేరేవాణ్నే కాదన్నాడు. దేశం విడిచి వచ్చిన మనలో ఈ కథ విని గుండె జారనివాళ్లు ఉంటారా?

ఈ కథ ఆధారంగానే మైమోనిడిస్ తన ధర్మశాస్త్ర గ్రంథంలో ఒక తీర్పు రాశాడని పండితులంటారు. తల్లికో తండ్రికో మతి చలిస్తే, వాళ్ల తీరుకు తగ్గట్టు ఓపిక పట్టి చూసుకోవాలి. జబ్బు బాగా ముదిరి ఇక భరించలేని స్థితి వస్తే, కొడుకు వాళ్లను విడిచి వెళ్లవచ్చు, తగినట్టు చూసుకోమని వేరేవాళ్లకు అప్పజెప్పాలి. మైమోనిడిస్ ఈజిప్టులో పేరుమోసిన వైద్యుడు కూడా. ఇలాంటి రోగులను, వాళ్ల పక్కన నలిగిపోయే పిల్లలను దగ్గరగా చూసే ఇలా రాసి ఉంటాడని నా నమ్మకం.

అదే కాలంలో దక్షిణ ఫ్రాన్స్‌లో రబద్ అనే పండితుడు ఉండేవాడు. మైమోనిడిస్ గ్రంథానికి ఆయన రాసిన ఘాటైన ఆక్షేపణలు ప్రసిద్ధం. ఈ తీర్పు దగ్గర ఆయన అడిగిందల్లా ఒక్కటే. కన్నకొడుకే వదిలేసి పోతే, ఇక కాపాడమని ఎవరికి చెబుతాడు? 1565లో అచ్చయిన యూదుల ధర్మశాస్త్ర గ్రంథం 'షుల్హాన్ అరుఖ్' మైమోనిడిస్ మాటనే నిలబెట్టింది. అయినా రబద్ ప్రశ్నను గ్రంథంలోంచి ఎవరూ తీసేయలేదు. ఇప్పటికీ మైమోనిడిస్ గ్రంథం తెరిస్తే ఆ ఆక్షేపణ తీర్పు పక్కనే ఉంటుంది. ఎనిమిది వందల ఏళ్లుగా ఇద్దరూ ఒకే పేజీలో వాదించుకుంటున్నారు. గెలిచిన మాట పక్కన ఓడిన మాటనూ ఇంత భద్రంగా దాచుకోవడం ఈ సంప్రదాయంలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం.

ఎవరికి చెబుతాడు? నాకు చెబుతాడు. జగిత్యాల నుంచి, మనీలా నుంచి, కఠ్మాండు నుంచి వచ్చిన మాకు చెబుతాడు. మరి నేను మా అమ్మను ఎవరికి అప్పజెప్పి వచ్చాను? మా ఊరామెకు. ఆమె మా ఇంట్లో ఉన్నంతసేపూ ఆమె అత్తను ఎవరు చూస్తున్నారు? రబద్ ప్రశ్న అలా గడప నుంచి గడపకు దిగిపోతూనే ఉంటుంది. చివరి గడపలో ఎవరూ ఉండరేమోనని నా భయం.

అందుకే మైమోనిడిస్ తీర్పు ఒక్కటే చాలదు, అప్పజెప్పించుకున్న మనిషి సంగతీ ధర్మం చూడాలి. యూదుల ధర్మంలో ఆ భాగమూ ఉంది. కూలివాడి కూలి పొద్దు గుంకకముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండం శాసిస్తుంది. వాడు నిచ్చెన ఎక్కిందీ, చెట్టుకు వేలాడిందీ, ప్రాణం పణంగా పెట్టిందీ ఆ కూలి కోసమే కదా అని తల్మూద్ గుర్తుచేస్తుంది. ఆ మాట వింటే తాటిచెట్టుకు మోకు బిగించే మా ఊరి గీత కార్మికులు కళ్లముందు మెదిలారు. షబ్బత్ విశ్రాంతి యజమానితో పాటు పనివాళ్లకూ, గడప లోపలి పరదేశికీ చెందుతుందని కూడా ఆ ద్వితీయోపదేశకాండంలోనే రాసి ఉంది.

శాస్త్రంలో ఉన్నదంతా దేశంలో జరగడం లేదు. మేం ఒకే యజమానికి కట్టుబడి ఉండాలన్న నిబంధనను 2006లో ఇక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది, అది నేటి కాలపు బానిసత్వమంది. ఇంట్లోనే ఉండి చేసే మా పనికి పనిగంటల చట్టం వర్తించదని 2009లో, మళ్లీ 2013లో అదే కోర్టు తీర్పిచ్చింది. మొదటిది న్యాయం. రెండోది అన్యాయమని గట్టిగా అంటాను. రాత్రి లేచిన ప్రతి గంటా పనిగంటే. ఇంతకుముందు నేనున్న ఒక ఇంట్లో వారానికి ఒకరోజు సెలవు అడిగితే వింతగా చూశారు. ఇప్పుడున్న ఇంట్లో శుక్రవారం సాయంత్రానికి కూతురు వచ్చి తల్లి పక్కన కూర్చుంటుంది, నన్ను వెళ్లమంటుంది. షబ్బత్ నాడు చాలాచోట్ల బస్సులుండవు. షేర్ వ్యాన్‌లో టెల్ అవీవ్ బస్టాండు వైపు వెళ్తాను. అక్కడ మావాళ్లం కలిసి పప్పుచారు కాచుకుంటాం. రెండు ఇళ్లవాళ్లూ దైవభక్తి ఉన్నవాళ్లే.

మనకు శ్రవణకుమారుడి కథ ఉంది. కావడి మోయలేని కొడుకు ఏం చేయాలో చెప్పే కథ నాకు తెలిసి లేదు. అందుకే మోయలేనివాళ్లం ఊరికి మొహం చూపించలేక దాక్కుంటాం, లేదా డబ్బు పంపి ఆ మాటే ఎత్తం. 2007లో వచ్చిన మన తల్లిదండ్రుల పోషణ చట్టం పిల్లల మీద బాధ్యత పెట్టింది, అది మంచిదే. పిల్లల బదులు ఒళ్లు తుడిచే చేతుల గురించి మాత్రం మనం ఇంకా మాట్లాడుకోవడం మొదలుపెట్టలేదు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి, ఊళ్లో అమ్మానాన్నలను ఒకామెకు అప్పజెప్పిన అక్కలకూ అన్నలకూ నా విన్నపం. జీతం ఒకటో తారీఖు దాటనివ్వకండి. వారానికి ఒకరోజు సెలవివ్వండి, ఆ రోజుకు ఇంకొకరిని చూసుకోండి. ఈసారి ఫోన్ చేసినప్పుడు అమ్మ తిన్నదా అని అడిగాక, వాళ్లింట్లో ముసలివాళ్లను ఎవరు చూస్తున్నారో కూడా ఆమెను అడగండి.