మట్టి కింద పోయే డబ్బు

రండి, ఇలా మంట దగ్గరికి జరగండి. కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, కాపలాకి ఎటూ మేలుకుని ఉండాల్సిందే. పంట చేతికొచ్చే వేళకి అటు సత్తెనపల్లి, ఇటు పర్చూరు, ఎక్కడ చూసినా ఒకటే మాట: ఈ ఏడన్నా ఇల్లు మొదలెడదాం అని. అపార్టుమెంటు కొనేవాళ్ల సంగతి వేరు. సొంత స్థలంలో, బ్యాంకు లోనుతో, మేస్త్రిని పెట్టి కట్టించుకునేవాళ్లకే నా మాటలు.

లోను మంజూరైందనగానే డబ్బంతా చేతికొస్తుందనుకుంటాం. రాదు. బేస్‌మెంటు, లింటెలు, శ్లాబు, ఫినిషింగు అని విడతలు పెడతారు, అదీ ముందు మన వాటా ఖర్చుపెట్టి చూపించాక. రిజర్వు బ్యాంకు లెక్కలో 30 లక్షల లోపు లోనుకి ఇంటి విలువలో 90 శాతం దాకా, ఆపైన 75 లక్షల వరకు 80 శాతం దాకా ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అన్నారు గానీ, ఇచ్చి తీరాలనలేదు. ఇంజినీరు వచ్చి చూసి, ఇంతవరకు పని అయిందని రాసిస్తేనే తర్వాతి విడత.

ఎర్రనేలలో ఈ లెక్క బాగానే నడుస్తుంది. మనది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలు విచ్చుతుంది. ఏప్రిల్లో పత్తి చేలో చెయ్యి దూరేంత నెర్రెలు మీరూ చూసే ఉంటారు. ఆ కదలికే గోడల్లోకి పాకుతుంది. అందుకని గట్టినేల తగిలేదాకా తవ్వి, నల్లమట్టి తీసేసి గ్రావెలు నింపాలి. లేదంటే అండర్‌రీమ్డ్ పైల్స్ వేయాలి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే వాటిని రూపొందించింది. సన్నగా బోరు దించి, అడుగున గంట ఆకారంలో వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. తేమ మారని లోతులో ఆ గంట ఇంటిని పట్టి ఉంచుతుంది. పద్ధతి చాలా మంచిది. కానీ డబ్బు మట్టి కిందకి పోతుంది, బ్యాంకు విడతేమో మట్టిపైన కనిపించేదానికి ఇస్తుంది.

నాకు తగిలిన దెబ్బ అదే. నా ఎస్టిమేటులో పునాదికి మామూలు నేల లెక్కే వేశారు. గోతులు తీశాక మేస్త్రి, ‘బాబాయ్, ఇంకో మూడడుగులు దిగాల్సిందే’ అన్నాడు. దిగాం. నా వాటా కింద పెట్టాల్సిన మార్జిను డబ్బంతా అక్కడే అయిపోయింది. బేస్‌మెంటు లేవందే విడత రాదు, విడత రాందే ఇటుక దిగదు. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ప్లింత్ బీము పోయించాను. ఆ అప్పు తీరడానికి రెండు పంటలు పట్టింది.

అందుకే చెబుతున్నా. ఎస్టిమేటు రాయించకముందే స్థలంలో ఒక గొయ్యి తీయించి ఇంజినీరుకి చూపించండి. పునాది ఖర్చు విడిగా రాయించండి. పునాదికొకటి, ప్లింత్ బీముకొకటి, మొదటి విడతని రెండుగా ఇమ్మని సంతకాలు పెట్టకముందే అడగండి. పూడ్చేముందు బ్యాంకు ఇంజినీరుని తప్పకుండా పిలవండి. పూడ్చాక ఆయన మాత్రం ఏం కొలుస్తాడు పాపం!

మేస్త్రితో మనది నోటిమాట. చదరపు అడుగుకి ఇంతని అనుకుంటాం, వారం వారం ఇస్తాం. బ్యాంకు శ్లాబు పడ్డాక ఇస్తే, ఆయనకి సెంట్రింగు కట్టేటప్పుడే కావాలి. ఆయన విడతలు బ్యాంకు విడతల వెనకే నడిచేట్టు కాగితం రాసుకోండి. ప్లానులో లేని గది మధ్యలో కలపకండి, విడత అక్కడే ఆగిపోతుంది.

ఊళ్లో గ్రామకంఠం స్థలమైతే ఇంకో చిక్కు. తాతల నాటి నుంచి పన్ను కడుతున్నామన్నా బ్యాంకు లాయరు ఒప్పుకోడు, పన్ను రసీదు హక్కుపత్రం కాదు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ అడుగుతాడు. 2020లో మొదలైన స్వామిత్వ పథకంలో డ్రోన్ సర్వే చేసి ఇలాంటి స్థలాలకి ఆస్తి కార్డులిస్తున్నారు. మీ ఊళ్లో ఇచ్చుంటే తెచ్చుకోండి. అన్నదమ్ముల పంపకం కాగితం రిజిస్టరు కాకపోతే ముందు ఆ పని చూడండి.

ఇక కిస్తు. అది నెలనెలా అడుగుతుంది, మన డబ్బు మిరప టిక్కీలు గుంటూరు యార్డుకి చేరాకే వస్తుంది. ఆరు నెలలకోసారి కట్టే వీలుందేమో అడగండి. లేదంటే ఫ్లోటింగు వడ్డీ లోనే తీసుకోండి. అలాంటి ఇంటి లోను ముందుగా కడితే వేసే జరిమానాని రిజర్వు బ్యాంకు 2012లోనే తీసేయించింది. నేను ఏటా కాయలమ్మిన వారంలోనే బ్యాంకుకెళ్లి అసల్లో కొంత కట్టొస్తాను. మిగిలిందాంతోనే ఎరువుల కొట్టు, ఆ తర్వాతే పండగ బట్టలు.